ఫ్లూ, కొవిడ్, ఆర్‌ఎస్‌వి టీకాలు: జనానికి తెలియకనా, అందకనా?

నిదానం

టీకాల ప్రచారానికి కరపత్రాలూ పోస్టర్లూ రాసిపెడుతుంటాను. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేసే పని. ఫ్లూ సీజన్ దగ్గరపడిందంటే మీటింగ్, మీటింగ్ అంటే అదే పాట: "జనంలో అవగాహన లేదండీ, పెంచాలి." పెంచుదాం, కాదన్నదెవరు. కానీ పోస్టర్ చదివి, వేయించుకుందామని నిర్ణయించుకుని, తీరా వెళ్తే "ఇవాళ్టికి అయిపోయింది, మళ్లీ రండి" అనిపించుకుని వెనక్కి తిరిగిన మనిషిని ఏ ఖాతాలో రాస్తున్నాం? ఆ మనిషినీ తీసుకెళ్లి "టీకా అంటే ఇష్టం లేనివాళ్లు" ఖాతాలోనే పడేస్తున్నాం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది పెద్ద ముప్పుల జాబితా వేసినప్పుడు టీకాల పట్ల తటపటాయింపుని కూడా అందులో చేర్చింది. అప్పట్నుంచి అందరూ పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. ఆ తటపటాయింపుకి అదే సంస్థ నిపుణులు మూడు కారణాలు చెప్పారన్న సంగతి ఎవరూ ఎత్తరు. టీకా మీద నమ్మకం లేకపోవడం ఒకటి, జబ్బంటే లెక్కలేకపోవడం రెండోది, టీకా సులువుగా దొరక్కపోవడం మూడోది. పోస్టర్లన్నీ మొదటి రెండిటి మీదే. మూడోదానికి పోస్టర్ పనికిరాదు, అక్కడ ఎవరో ఒకరు తలుపు తెరవాలి.

మీరు చూసినవి రాయండి. తట్టు గురించి కూడా రాయొచ్చు, అదీ ఊపిరి దారిన వచ్చేదే.

రాత్రిషిఫ్టు

నా సంగతే రాస్తా. రాత్రంతా డ్యూటీ, పొద్దున్నే వచ్చి పడుకుంటే లేచేసరికి టీకాలు వేసే టైం దాటిపోతుంది. పగటి షిఫ్టు వాళ్ల పరిస్థితి ఇంకా దారుణం, వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, మర్నాడు జ్వరమో ఒళ్లునొప్పులో వస్తే రెండో రోజు కూలి కూడా పోతుంది. ఇంత లెక్క చూసుకుని "వచ్చే వారం చూద్దాంలే" అనుకున్నవాణ్ని పట్టుకుని మూర్ఖుడు అంటారు. అనేవాళ్లలో చాలామంది పని చేసే చోటికే నర్సు వచ్చి వేసి వెళ్లినవాళ్లు.

తిరకాసు

ఒక్కొక్కరి కష్టం విని అదే లోకం అనుకుంటే ఎలా బాసూ. నడిచి వెళ్లేంత దూరంలో సెంటర్, ఉచితం, సెలవు రోజు కూడా తెరిచే ఉంటుంది, అయినా వెళ్లనివాళ్లని నేను బోలెడుమందిని చూపిస్తా.

నా మాట వద్దు, అధ్యయనం చూడండి. అమెరికాలో ఓ పెద్ద మందుల షాపుల సంస్థ ఖాతాదారుల మీద చేసింది, 2024లో వచ్చింది, లక్షల మందిని తీసుకున్నారు. కొవిడ్ బూస్టర్ వేయించుకోండని మెసేజ్‌లు పంపారు, కొంతమందికి "రానుపోను బండి కూడా ఉచితం" అన్నారు. తేలిందేంటి? మెసేజ్‌లు పనిచేశాయి. ఉచిత బండి వల్ల అదనంగా ఏమీ ఒరగలేదు. అంటే గుర్తుచేస్తే చాలు, అందుబాటు అంటూ గుండెలు బాదుకోనక్కర్లేదు.

లెక్కలమాస్టారు

తిరకాసు గారు, అధ్యయనం నిజమే, ఫలితమూ మీరు చెప్పినదే. కానీ అందులో ఉన్నదెవరో చూశారా? అంతకుముందే అదే షాపుల్లో కొవిడ్ టీకా వేయించుకున్నవాళ్లు. అక్కడికి ఎలా వెళ్లాలో వాళ్లకి ఒకసారి తెలిసిపోయింది. దారి దొరికినవాళ్లకి బండి ఇస్తే ఏమి మారుతుంది? ఒక్క డోసు కూడా అందని మనిషి ఆ లెక్కలోకి రానేలేదు. దాన్నుంచి "రవాణా సమస్య కాదు" అని తేల్చేస్తే, బడికి వచ్చిన పిల్లల్ని మాత్రమే అడిగి "బడి దూరమేమీ కాదు" అన్నట్టుంటుంది.

మెసేజ్‌ల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా. 2021లో ఫ్లూ టీకా మీద ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లకి ముందుగా రకరకాల మెసేజ్‌లు పంపి ఏది బాగా పనిచేస్తుందో చూశారు. జోకులు వేసినవీ, ఆరోగ్యసూత్రాలు చెప్పినవీ వెనకబడ్డాయి. "మీ కోసం ఒక టీకా తీసిపెట్టాం" అన్న అర్థం వచ్చేది ముందుంది. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేదేంటంటే, ఆ మెసేజ్‌లో వైరస్ గురించి పాఠం లేదు. నీకు చోటుంది, నీ వాటా ఉంది అని మాత్రమే ఉంది.

నర్సక్క

అందరికీ నమస్కారం. టీకాలు వేసేది నేనే కాబట్టి బల్లకి ఇవతల పక్క నుంచి రెండు మాటలు.

"అయిపోయింది, రేపు రండి" అన్నప్పుడు ఫ్రిజ్‌లో టీకా లేదనే అనుకుంటారు. చాలాసార్లు ఉంటుంది. జరిగేది ఇది. తట్టు టీకా సీసా తీసుకోండి, కొవిడ్ టీకాలు కూడా కొన్ని ఇంతే. ఒక సీసాలో పది డోసులు. ఒకసారి తెరిచామా, ఆరు గంటల్లోపు లేదా ఆ పూట సెషన్ ముగిసేలోపు వాడాలి, మిగిలితే పారేయాలి. నిల్వ ఉంచే మందు అందులో కలపరు, సూది గుచ్చిన సీసాలో బ్యాక్టీరియా పెరిగితే ప్రాణాల మీదికొస్తుంది, కాబట్టి ఆ నియమంలో రాజీ లేదు. ఇప్పుడు సెషన్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఒక అమ్మాయి చంకలో బిడ్డతో వచ్చింది. సీసా తెరిస్తే తొమ్మిది డోసులు పారబోయాలి, సాయంత్రం రిజిస్టర్‌లో "వృథా 9" అని నేనే రాసి కింద సంతకం పెట్టాలి, నెలాఖరున "మీ సెంటర్లో వేస్టేజి ఎక్కువుందేంటి" అని నన్నే అడుగుతారు. తెరవకపోతే? ఎవరూ ఏమీ అడగరు. వెనక్కి పోయిన బిడ్డ ఏ కాగితం మీదా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఒక్కరొచ్చినా తెరవమనే. శిక్షణలో మాకూ అదే చెప్తారు. శిక్షణలో చెప్పేది ఒకటి, నెలాఖరు మీటింగ్‌లో అడిగేది ఇంకొకటి.

నిదానం

అక్కా, ఇది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తక్కువ డోసుల సీసాలు తెప్పించలేరా?

నర్సక్క

తట్టుకి అయిదు డోసుల సీసాలూ ఉన్నాయి తమ్ముడూ. వృథా తగ్గుతుంది, పైగా "తెరవనా వద్దా" అన్న టెన్షన్ సగం పోతుంది. కానీ డోసుకి లెక్కేస్తే ఖరీదెక్కువ, ఫ్రిజ్‌లో చోటూ ఎక్కువ తింటాయి. కొనేవాళ్లకి పది డోసులదే చవక. వెనక్కి పోయినవాళ్ల ఖర్చు ఎవరి బిల్లులోనూ పడదు కదా.

సూదిభయం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరంతా టీకా మంచిదే అని ముందే అనేసుకుని మాట్లాడుతున్నారు, నాలాంటోళ్ల సందేహాలకి మాత్రం ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. కొవిడ్ డోసులు అన్నీ వేయించుకున్నా, అయినా కొవిడ్ వచ్చింది. ఫ్లూ టీకా వేయించుకున్న మా ఆఫీసు వాళ్లకీ ఫ్లూ వచ్చింది. ఆపలేనప్పుడు ఎందుకు? పైగా ఏటేటా వేయించుకోవాలట. ఇంకోటి, సైడ్ ఎఫెక్టుల గురించి అడిగితే "అవన్నీ పుకార్లు" అని కసురుతారు. అన్నీ పుకార్లేనా?

తిరకాసు

చూశారా, అసలు మనిషి వచ్చాడు. ఇప్పుడు ఈయనకి సీసా సైజు గురించి చెప్పండి.

లెక్కలమాస్టారు

సూదిభయం గారు, కసరను. కొంచెం పొడుగు జవాబు, ఓపిక పట్టండి.

వైరస్ ముక్కులో దిగకుండా పూర్తిగా ఆపడం ఈ టీకాలకి కష్టం. చేతికి వేసిన టీకా రక్తంలో బాగా రక్షణ పుట్టిస్తుంది, ముక్కు-గొంతు పొరల్లో అంత పుట్టించదు, పుట్టించినా నెలల్లో తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల దాకా దిగి ఆస్పత్రి పాలు చేయకుండా ఆపడంలో దాని బలం ఉంది. ఫ్లూ టీకా, సీజన్‌లో తిరిగే రకానికి బాగా సరిపోయిన ఏడాదిలో కూడా, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే అవకాశాన్ని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. వందకి వంద అని ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పు. కానీ ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది ఫ్లూ తెచ్చే శ్వాస సమస్యలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అందులో సగం తగ్గినా చిన్న సంగతేమీ కాదు. కొవిడ్‌కి వస్తే, టీకాలు మొదలైన తొలి ఏడాదిలోనే 185 దేశాల్లో 1.44 కోట్ల మరణాలు ఆగాయని 2022లో ఒక అంచనా వచ్చింది.

ఏటేటా ఎందుకంటే ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ పోతుంది. 1952 నుంచి దేశదేశాల ల్యాబులు కలిసి దాన్ని వెంటాడుతున్నాయి. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ ఏ రకాలు పెట్టాలో తేలుస్తారు. తయారీకి దాదాపు ఆరు నెలలు పడుతుంది, చాలా వరకు ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. ఈలోపు వైరస్ ఇంకో దారి పట్టిందంటే ఆ ఏడాది టీకా బలం తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ముందుగా అంచనా కట్టాల్సి రావడంతో వచ్చే ఇబ్బంది ఇది.

సైడ్ ఎఫెక్టులు పుకార్లు కావు, అన్నీ నిజాలూ కావు. నిజమైనవి చెప్తా. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా 4 కోట్లకు పైగా జనానికి వేశారు, లక్ష మందికి ఒకరి చొప్పున అదనంగా గులియన్-బారే అనే నరాల జబ్బు వచ్చింది, కార్యక్రమం ఆపేశారు. 2009-10లో ఐరోపాలో వాడిన ఒక ఫ్లూ టీకాతో కొంతమంది పిల్లలకి అతినిద్ర జబ్బు నార్కోలెప్సీ వచ్చింది. ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ కొవిడ్ టీకాలతో గుండె కండరం వాపు, అరుదుగా, ఎక్కువగా కుర్రాళ్లలో, రెండో డోసు తర్వాత. కొవిషీల్డ్ లాంటి అడినోవైరస్ రకం టీకాలతో బహు అరుదుగా రక్తం గడ్డలు. ఇవన్నీ బయటపెట్టింది టీకాల మీద నిఘా పెట్టిన వ్యవస్థలే. టీకాతో ఆటిజం వస్తుందన్న 1998 నాటి పేపర్ సంగతి వేరు, దాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది, దాని మూలాన తట్టు టీకా మానేసిన దేశాల్లో జబ్బు మళ్లీ వచ్చింది.

సూదిభయం

థాంక్స్ మాస్టారూ. ఇలా ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అన్నీ ఒప్పేసుకున్నానని కాదు, చదువుతా.

నిదానం

ఇక్కడ నాకో చిక్కుంది. పోస్టర్ మీద ఈ అరుదైన సైడ్ ఎఫెక్టులు వేయాలా వద్దా అని మా గ్రూపులో పెద్ద గొడవే అయింది. వేస్తే జనం భయపడి రారని ఒక పక్షం. వేయకపోతే రేపు వాట్సాప్‌లో చూసి "వీళ్లు దాచారు" అంటారని ఇంకో పక్షం. నేను రెండో పక్షం.

తిరకాసు

ఈసారి నేనూ నీ పక్షమే, నోట్ చేసుకో. "నూరు శాతం సురక్షితం" అని రాసినవాళ్లే జనాన్ని వదలగొట్టింది.

నర్సక్క

పోస్టర్ మీద ఎంత రాసినా బల్ల దగ్గర మాట్లాడే తీరు వేరే ఉండాలి. "ఫ్లూ టీకా వేయించుకుంటారా?" అని అడిగితే సగం మంది "తర్వాత చూద్దాం" అంటారు. "ఇవాళ మీకు ఫ్లూ టీకా ఉంది, ఏ చేతికి వేయమంటారు?" అంటే చాలామంది చెయ్యి చాపుతారు. బలవంతం కాదు సుమా, వద్దంటే ఆగుతాం. ఆ వద్దన్నవాళ్ల దగ్గరే కూర్చోవాలి. ఏం విన్నారు, ఎవరికి ఏమైంది అని ముందు వాళ్లని చెప్పనివ్వాలి. లైన్లో జనం ఉంటే దానికి టైం దొరకదు, అదే అసలు బాధ. ఒకరికి ఒక నిమిషం చొప్పున లెక్కగట్టి సిబ్బందిని వేస్తే కౌన్సెలింగ్ ఎప్పుడు చేస్తాం?

సూదిభయం గారు, పేరు చూసి అడుగుతున్నా, నిజంగానే సూదంటే భయమా? అయితే సిగ్గుపడకుండా ముందే చెప్పండి, పడుకోబెట్టి వేస్తాం. కళ్లు తిరిగి పడిపోయే అలవాటున్నవాళ్లు వేసే ముందు కాళ్ల కండరాలు, రెండో చేతి కండరాలు బిగించి వదులుతుంటే బీపీ పడిపోదు. వేసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి. ఫ్లూకి ముక్కులో కొట్టే స్ప్రే టీకా కూడా ఉంది, కొన్ని దేశాల్లో పిల్లలకి అదే వేస్తారు. అది బలహీనపరిచిన బతికున్న వైరస్ కాబట్టి గర్భిణులకీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ వాడరు.

సూదిభయం

నిజంగానే భయం అక్కా. నవ్వుతారని చెప్పను.

నెలలబిడ్డ_అమ్మ

ఆర్‌ఎస్‌వి అని పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే వైరస్ ఉంది, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. నా కడుపులో పాప ఉన్నప్పుడు ఆ పేరే నేను వినలేదు, పుట్టాక పాపకి జలుబు చేసి, పాలు తాగలేక, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంటే అప్పుడు డాక్టర్ నోట విన్నా. ఇప్పుడు బానే ఉంది. గర్భిణికి వేసే టీకా ఉందని ఆ తర్వాత చదివా. ఉందని తెలిసినా నాకు దొరికేదా అన్నది వేరే ప్రశ్న.

ఎవరైనా దీని సంగతి వివరంగా చెప్తారా?

లెక్కలమాస్టారు

చెప్తానమ్మా. ఈ టీకా కథ వింటే "తొందరపడి తెచ్చారు" అనేవాళ్లకి జవాబు దొరుకుతుంది. ఆ వైరస్‌ని 1956లో జలుబు చేసిన చింపాంజీల్లో కనిపెట్టారు. 1960ల్లో ఫార్మలిన్ అనే రసాయనంతో చంపిన వైరస్‌తో పిల్లలకి టీకా వేసి చూస్తే ఘోరం జరిగింది. ఆ తర్వాత ఆర్‌ఎస్‌వి సోకినప్పుడు టీకా వేసిన పిల్లలకే జబ్బు ముదిరింది, ఇద్దరు చనిపోయారు. ఆ దెబ్బతో ఎన్నో ఏళ్లు ఎవరూ గట్టిగా ముందుకు రాలేదు. వైరస్ మీదుండే ఎఫ్ ప్రొటీన్ మన కణాన్ని పట్టుకోకముందు ఒక ఆకారంలో, పట్టుకున్నాక ఇంకో ఆకారంలో ఉంటుందనీ, ముందున్న ఆకారం మీద పుట్టే యాంటీబాడీలే గట్టివనీ 2013లో ఆ ఆకారాన్ని బయటపెట్టాక దారి తెరుచుకుంది. 2023లో పెద్దవాళ్లకీ గర్భిణులకీ టీకాలు అమెరికాలో ఆమోదం పొందాయి.

గర్భిణికి వేస్తే యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) ద్వారా బిడ్డకి చేరి తొలి నెలల్లో కాపాడతాయి. 28వ వారం దాటాక వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, కొన్ని దేశాలు 32-36 వారాలు అని పెట్టుకున్నాయి. తల్లికి వేయకపోతే పుట్టిన బిడ్డకే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ ఉంది, అది టీకా కాదు, సిద్ధంగా ఉన్న రక్షణని నేరుగా ఎక్కించడం.

ఇప్పుడు అసలు బాధ. అయిదేళ్లలోపు పిల్లల్లో ఏటా దాదాపు లక్ష మరణాలు ఆర్‌ఎస్‌వి వల్ల. అందులో 97 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే. టీకా ముందుగా చేరింది మిగతా 3 శాతం దగ్గరికి.

నెలలబిడ్డ_అమ్మ

ఆ చివరి లైను రెండుసార్లు చదివా.

ఇంకోటి అడగాలి, ఫ్లూ టీకా ఆర్నెల్ల లోపు పిల్లలకి వేయరంట కదా, మరి వాళ్లకి?

నర్సక్క

వేయరమ్మా, ఆర్నెల్లు నిండాకే. అందుకే గర్భంతో ఉన్నప్పుడు తల్లికే ఫ్లూ టీకా వేయమనేది. తల్లికి వేసింది బిడ్డకీ చేరుతుంది. ఇంట్లో మిగతావాళ్లు వేయించుకుంటే ఇంకా మంచిది. ఈ మాట గర్భిణుల చెకప్‌లోనే చెప్పాలి, కానీ చెకప్ చేసేవాళ్లు ఒక గదిలో, టీకా ఇంకో గదిలో, ఇంకో రోజు. ఆ రెండు గదుల మధ్యే ఎంతమందో జారిపోతారు.

ప్రపంచపటం

3 శాతం మాట వచ్చింది కాబట్టి కొంచెం పైనుంచి చూద్దాం. కొవిడ్ అప్పుడు కొవాక్స్ అని ఒక ఏర్పాటు చేశారు, దేశాలన్నీ కలిసి కొని, జనాభా ప్రకారం పంచుకోవాలని 2020 ఏప్రిల్‌లో మొదలెట్టారు. కాగితం మీద అద్భుతం. 2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లో మామూలు జనానికి టీకాలు మొదలైతే కొవాక్స్ తొలి డోసులు ఘనాలో దిగింది 2021 ఫిబ్రవరి 24న. ఈలోపు డబ్బున్న దేశాలు కంపెనీలతో నేరుగా ఒప్పందాలు చేసుకుని వరసలో ముందు నిలబడ్డాయి, కొన్నయితే తమ జనాభాకి ఎన్నోరెట్లు కొనిపెట్టుకున్నాయి. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు అనుకున్నది, వందో కోటి 2022 జనవరి మధ్యలో గానీ అందలేదు. 2023 డిసెంబర్ 31న మూసేసేనాటికి 146 చోట్లకి దాదాపు 200 కోట్లు చేరాయి, అది చిన్నదేమీ కాదు. కానీ ఆలస్యానికి మూల్యం ప్రాణాలే. పేద దేశాల్లో 20 శాతం జనానికైనా అనుకున్న గడువులో వేసి ఉంటే, ఆ దేశాల్లో 2021లో కొవిడ్ మరణాల్లో 45 శాతం ఆగేవని, మాస్టారు చెప్పిన అంచనా వేసినవాళ్లే చెప్పారు.

దానాల సంగతి చెప్తే ఒళ్లు మండుతుంది. గడువు ముగియడానికి వారాలే ఉన్న డోసుల్ని విమానంలో పంపి ఫొటోలు దిగారు. నైజీరియా 2021 డిసెంబరులో పది లక్షలకు పైగా డోసుల్ని పారేయాల్సి వచ్చింది. మలావీ ఆ ఏడాది మే నెలలో గడువు దాటినవి కాల్చేసింది. వెంటనే "చూశారా, అక్కడ జనం వేయించుకోరు" అన్న వార్తలు!

తిరకాసు

ఫ్రీగా ఇచ్చినవాణ్ని తిట్టడం మనకే చెల్లింది. ఇవ్వకపోతే ఇవ్వలేదంటారు, ఇస్తే డేట్ చూస్తారు.

నర్సక్క

డేట్ చూడకుండా మీ ఇంట్లో పాపకి వేయించుకుంటారా తిరకాసు గారు?

తిరకాసు

...సరే ఆ పాయింట్ మీకు.

ప్రపంచపటం

ఇంకో కోణం. 2007లో ఇండోనేషియా బర్డ్ ఫ్లూ శాంపిల్స్ ఇవ్వనంది. మా దగ్గర దొరికిన వైరస్‌తో కంపెనీలు టీకా చేసి మాకే కొనలేని ధరకి అమ్ముతాయి, మేమెందుకివ్వాలి అని. లోకమంతా తిట్టింది, కానీ అడిగినదాంట్లో న్యాయముంది, దాని ఫలితంగానే 2011లో ఫ్లూ శాంపిల్స్‌కీ టీకాలకీ ముడిపెట్టే ఏర్పాటు వచ్చింది. అది ఫ్లూకి మాత్రమే కాబట్టి కొవిడ్‌కి పనికిరాలేదు. 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా కొవిడ్ టీకాల పేటెంట్లు పక్కన పెట్టండని ప్రపంచ వాణిజ్య సంస్థలో అడిగితే, 2022 జూన్ దాకా నాన్చి, అప్పుడు కూడా కోతలు పెట్టిన నిర్ణయం ఇచ్చారు. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు మహమ్మారుల ఒప్పందం ఆమోదించాయి. మహమ్మారి వస్తే ఇందులో చేరిన కంపెనీలు తయారవుతున్న టీకాల్లో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం సగం ఉచితంగా. వైరస్ ఇచ్చిన దేశానికి ఏం దక్కాలి అన్న అనుబంధం మీదే అసలు తగవు. నన్నడిగితే ఇలాంటివి జబ్బు లేనప్పుడే సంతకాలైపోవాలి, వచ్చాక ఎవడి ఇల్లు వాడు చూసుకుంటాడు.

రాత్రిషిఫ్టు

బాగుంది సార్, నాకు తెలీనివే ఇవన్నీ. కానీ ఒకటి గమనించారా, దేశాల మధ్య జరిగిందే మా వీధిలో కూడా జరుగుతుంది. టీకా వచ్చిందనగానే యాప్‌లో బుక్ చేసుకోమంటారు. స్మార్ట్‌ఫోన్, వేళ్లు వేగం, ఇంగ్లీషు ఉన్నవాడు నిమిషాల్లో స్లాట్లు ఎత్తుకుపోతాడు. మాతో పనిచేసే పెద్దాయనకి చిన్న బటన్ల ఫోను. ఓటీపీ వచ్చేలోపు స్లాట్లు ఖాళీ. ఆయన వయసుకే టీకా ముందు వేయాలని రూలు ఉంది, రూలు ప్రకారం ఆయనే ముందు, వరసలో ఆయనే చివర. ఇంకా గుర్తింపు కార్డు లేనివాళ్ల సంగతి వేరే చెప్పాలా, పని కోసం తిరిగేవాళ్లు చాలామంది కార్డు అడుగుతారన్న భయంతోనే గేటు దాకా రారు.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, సాగనివ్వండి. చిన్న మనవి: ఇద్దరు సభ్యులు తమ మందుల వివరాలు రాసి "నేను వేయించుకోవచ్చా" అని అడిగారు, ఆ పోస్టులు తీసేశాను. అది మీ డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న. "టీకా మాఫియా" లింకు పెట్టిన పోస్టు కూడా తీసేశాను.

నిదానం

రాత్రిషిఫ్టు అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. అక్కా, మీ చేతిలో ఉంటే ముందు ఏం మారుస్తారు?

నర్సక్క

పెద్ద పెద్దవి నేను చెప్పలేను తమ్ముడూ. మారుమూలకి టీకా పెట్టె మోసుకెళ్లినప్పుడు మేము సీసా మీది గుర్తు చూస్తాం. ఊదారంగు గుండ్రం, మధ్యలో లేత చదరం. వేడి తగిలేకొద్దీ ఆ చదరం ముదురుతుంది, గుండ్రం రంగుకి వచ్చిందా, సీసా పారేయడమే. టీకాకి ఎంత వేడి తగిలిందో సీసా మీదే రాసుంటుందన్నమాట. (గడ్డకడితే మాత్రం ఆ గుర్తు చెప్పదు, ఫ్లూ టీకా గడ్డకడితే పాడైనట్టే, అందుకే ఐస్‌ప్యాక్‌కి ఆనించం.) ఒక్కో సీసా మీద ఇంత నిఘా పెట్టాం. వచ్చినవి ఎన్ని, వాడినవి ఎన్ని, పారేసినవి ఎన్ని, అన్నిటికీ రిజిస్టర్‌లో గడులున్నాయి. "వచ్చి, వేయించుకోకుండా వెనక్కి వెళ్లినవాళ్లు" అన్న గడి లేదు. ముందు ఆ గడి పెట్టమంటా.

తిరకాసు

పెట్టరు. ఆ గడి నిండితే పైవాళ్లకే తలనొప్పి. సిబ్బంది కూడా నింపరు, తమ మీదకే వస్తుందని. మీ సెంటర్లో వృథా 9 రాయడానికే భయపడుతున్నారంటే వెనక్కి పంపినవాళ్లు 9 అని ఎవరు రాస్తారు?

లెక్కలమాస్టారు

అభ్యంతరం సరైనదే. అందుకే అది సిబ్బంది చేత రాయించకూడదు, గేటు దగ్గర వాలంటీర్ చేత రాయించాలి. పేరు, ఫోన్ నంబర్ ఏమీ అడగొద్దు, అడిగితే రాత్రిషిఫ్టు గారు చెప్పినవాళ్లు అసలు ఆగరు. వచ్చిన టైం, ఎవరి కోసం వచ్చారు (బిడ్డ, గర్భిణి, పెద్దవాళ్లు), ఎందుకు వెనక్కి: మూసేశారు, స్టాక్ లేదు, సీసా తెరవలేదు, కార్డు లేదు, స్లాట్ లేదు, భయపడి వద్దనుకున్నారు. ఆ చివరిది కచ్చితంగా ఉండాలి, లేకపోతే తిరకాసు గారు ఒప్పుకోరు. కొన్ని వారాలు గీతలు గీస్తే అవగాహన ఎంత, అందుబాటు ఎంత అనేది ఇక్కడ వాదించుకోనక్కర్లేకుండా కొంత తేలుతుంది. అసలు గేటు దాకా రానివాళ్లు మాత్రం ఇందులోనూ పడరు, అది గుర్తుంచుకోవాలి.

రాత్రిషిఫ్టు

రానివాళ్ల కోసం ఓ రోజు షిఫ్టు మారే టైంలో మా గేటు దగ్గర కూడా నిలబడండి, లోపలికి వెళ్లేవాళ్లూ బయటికొచ్చేవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. అడగడం నేను చేస్తా, వాళ్లు నాకైతే చెప్తారు.

నిదానం

వస్తాను అన్నా. కాగితం తయారుచేసి రేపు ఇక్కడే పెడతా, గడులు చూసి చెప్పండి. అక్కా, "సీసా తెరవలేదు" అన్న గడి ఉంటే మీకేమైనా ఇబ్బందా?

నర్సక్క

ఉండనీ. దాని పక్కనే "తెరిచారు, ఇంతమంది కోసం" అని ఇంకో గడి కూడా పెట్టు, వృథా ఎందుకైందో అడిగినప్పుడు చూపించడానికి మాకో కాగితం ఉంటుంది.